తూము పక్క పొయ్యి

థామ్‌కి ఆ ఊళ్లో నచ్చినదంటూ ఏదీ లేదు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆ సంగతి తేల్చుకుంది. పద్నాలుగేళ్లు గడిచినా అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఊరి పేరు కాంగ్‌బే. తైవాన్ పడమటి తీరంలో ఆల్చిప్పల కంపు తప్ప మరో ఆస్తి లేని పల్లె. వాళ్లు కూరలో చక్కెర వేస్తారు. పులుసులో చక్కెర వేస్తారు. ఆల్చిప్పల అట్టు మీద ఎర్రటి తియ్యటి పాకం పోసుకుని, దీని కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు తెలుసా అని చంకలు గుద్దుకుంటారు. చేపల పులుసులో చింతపండు పడాలన్న జ్ఞానం లేనివాళ్లు తిండి గురించి మాట్లాడటమేమిటని థామ్‌కి ఒళ్లు మండేది.

"తిన్నావా?" అని దారిలో ఎదురైన ప్రతివాళ్లూ అడుగుతారు. లేదని చెప్పి చూడండి. "అయ్యో, తినాలి మరి!" అనేసి సైకిలు తొక్కుకుంటూ పోతారు. వచ్చిన కొత్తలో ఆమె నిజంగానే లేదని చెప్పేది, ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని. ఇరవై ఏళ్ల పిల్ల, భాష రాదు, ఆకలేసేది. ఒక్క గుమ్మమూ తెరుచుకోలేదు. తర్వాత తర్వాత తనూ అందరినీ తిన్నావా అని అడగడం నేర్చుకుంది, జవాబు వినకుండా వెళ్లిపోవడం కూడా నేర్చుకుంది.

ఆమె పుట్టింది వియత్నాంలో, దక్షిణాన కాలవల మధ్య ఒక ఊళ్లో. సైగాన్‌లో ఒక లాడ్జి మేడ మీద, పెళ్లిళ్ల బ్రోకరమ్మ ఆడపిల్లల్ని గోడ వారన కూర్చోబెట్టిన గదిలోకి, వూ మింగ్‌లాయ్ అనే ఈ కాంగ్‌బే పెద్దమనిషి తన ఊరివాళ్లు మరికొందరితో కలిసి వచ్చాడు. మిగతావాళ్లు మొహాలు చూశారు. ఇతను చేతులు చూపించమన్నాడు. వేళ్లు వంచి, అరచెయ్యి తిప్పి చూసి, "ఈ పిల్ల ఆల్చిప్పలు ఒలవగలదు" అన్నాడట. దుబాసీ ఆ మాట తర్జుమా చేస్తుంటే గదిలో అందరూ నవ్వారు. ఇల్లు ఎలాంటిదని అడిగితే, సముద్రానికి ఎదురుగా ఉంటుందని బ్రోకరమ్మ చెప్పింది. అదేమీ అబద్ధం కాదు. ఊరి చివర, ఆటుపోట్ల నీళ్లని ఆపే తూము పక్కనే ఉంది ఆ ఇల్లు. పెద్ద గాలివాన వచ్చినప్పుడల్లా సముద్రమే నడిచి వచ్చి మంచం కింద కూర్చునేది.

మింగ్‌లాయ్ మంచివాడని ఊరంతా అనేది. అంటే తాగి వచ్చినా కొట్టేవాడు కాదన్నమాట. మంచితనమంటే కాంగ్‌బేలో అంతకు మించి ఎవరూ ఆశించరు. సాయంత్రం బడిలో పరదేశీ కోడళ్లకి చైనీసు నేర్పే క్లాసుకి ఆమెను స్కూటరు మీద దింపేవాడు, వచ్చేదాకా గేటు దగ్గర సిగరెట్లు కాల్చేవాడు. ఆ క్లాసులో నేర్పింది ఆఫీసుల్లో మాట్లాడే చైనీసు. ఊళ్లో తిట్టాలన్నా తిట్టించుకోవాలన్నా ఊరి భాష వేరే ఉంది. అది ఆమె ఆల్చిప్పలు ఒలిచే పాకలో, ఆడవాళ్ల పక్కన పీట వేసుకుని నేర్చుకుంది. ఇప్పుడు వాళ్ల కంటే బాగా తిడుతుంది. కాలేయం పాడై మింగ్‌లాయ్ పోయి రెండేళ్లవుతోంది. ఆమె చాలా ఏడ్చింది. ఇలాంటివాడి కోసం ఇంత ఏడుపేమిటని తన మీద తనకే కోపం వచ్చింది కూడా, అయినా ఏడుపు ఆగలేదు.

ఆమెకు మిగిలింది కూతురు షిన్యీ, తూము పక్క ఇల్లు, ఇంటిని ఆనుకుని ఉన్న పాక, ఎదురుగా సముద్రంలో వెదురు కర్రలకు వేలాడే ఆల్చిప్పల వరసలు. షిన్యీ ఐదో క్లాసు. తల్లి మాట్లాడుతుంటే మధ్యలో ఆపి ఉచ్చారణ దిద్దే తెలివితేటలు అప్పుడే వచ్చేశాయి. ఆ ఇల్లు ఉంటే పాక ఉంటుంది, పాక ఉంటే పని ఉంటుంది, పని ఉంటే పిల్ల బడికి పోతుంది. అంతకు మించి ఆ ఊరితో తనకేమీ అవసరం లేదని థామ్ అనుకునేది.

ఇక ఆ తియెన్‌ఫు సంగతి. మింగ్‌లాయ్‌కి స్వయానా అన్న, థామ్‌కి బావగారు. అబ్బ, ఆ మనిషి! గుడి కమిటీలో ఉపాధ్యక్షుడు. గుడి పేరు కుట్టిన పసుపుపచ్చ టోపీ నిద్రలో కూడా తియ్యడని ఊళ్లో చెప్పుకుంటారు. వక్క నమిలి నమిలి పళ్లు ఇటుకరంగుకి వచ్చాయి. మా పూర్వీకులు సముద్రం దాటి వచ్చి ఈ ఊరు కట్టారని మొదలుపెడితే వినేవాళ్లకి కాళ్లు తిమ్మిరెక్కాలి. ఆ పూర్వీకులు కూడా పడవ దిగిన రోజున పరదేశీలే కదా అని థామ్ ఒకసారి అంటే, ఆయన వక్క ఉమ్మేసి, "అది వేరు" అన్నాడు. ఎలా వేరో మాత్రం చెప్పలేదు. చచ్చిపోయేముందు ముసలి తండ్రి తనకున్న రెండిళ్లూ, తూము పక్కది కూడా, ఈయన పేరునే రాసి పోయాడు. చిన్నవాడు తాగుబోతు, వాడి పేరున ఏముంటే అది బాటిళ్లలో పోతుందని ఆయన భయం. మింగ్‌లాయ్ ఉన్నన్నాళ్లు ఆ కాగితం ఎవరికీ గుర్తు రాలేదు.

చాంద్రమానం నాలుగో నెల మొదట్లో, తియెన్‌ఫు పాకలోకి వచ్చి, ఒలిచిన ఆల్చిప్పల బక్కెట్టులోకి ఒకసారి తొంగి చూసి, టోపీ సర్దుకున్నాడు.

"చూడమ్మా, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి. తాయిచుంగ్ నుంచి లియావ్ గారని పెద్ద వ్యాపారస్తుడు కొంటున్నారు. ఇక్కడ కాఫీ హోటల్ కడతారంట. సిటీవాళ్లొచ్చి సముద్రం ముందు ఫొటోలు దిగుతారు."

థామ్ కత్తి ఆపలేదు. "ఎక్కడికి పోను బావగారూ?"

"ఎక్కడికేంటి? మీ దేశం లేదా? విమానాలు రోజూ ఎగురుతూనే ఉన్నాయిగా."

"మరి షిన్యీ బడి?"

"అక్కడ బళ్లు లేవా?" అని, ఒక్క క్షణం ఆగి, "ఓహో, లేవేమోలే" అని తన మాటకు తనే నవ్వాడు.

"అది మీ తమ్ముడి బిడ్డ. దానికి అక్కడి భాష ముక్క రాదు."

"నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నీకు మాత్రం వచ్చా? నేర్చుకోలా? అదీ నేర్చుకుంటుంది. పిల్లని ఇక్కడే వదిలేస్తానంటావా, సరే, మా ఆవిడ చూసుకుంటుంది. ఇంటి పనికి సాయంగా ఉంటుంది."

ఆ చివరి మాటతో థామ్ చేతిలో కత్తి చిప్ప దాటి, చేతి తొడుగు చీల్చుకుని వేలిలోకి దిగింది. రక్తం చూసి తియెన్‌ఫు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆయనకి రక్తమంటే భయం.

పక్క పీట మీద కూర్చునే కిమ్‌కీ పిన్ని అంతా విన్నది. వినకపోతే ఆమె కిమ్‌కీ ఎందుకవుతుంది? ఊళ్లో ఎవరింట్లో గిన్నె కింద పడినా చప్పుడు ఆమె చెవిలోనే మోగాలి. థామ్‌కి ఆమె అంటే గౌరవం ఏ కోశానా లేదు. కానీ మాట్లాడటానికి మరో మనిషి కూడా లేదు.

"కోర్టుకి పోతావా?" అంది కిమ్‌కీ, గుడ్డ పేలిక చింపి థామ్ వేలికి చుడుతూ.

"కాగితం ఆయన పేరున ఉంది పిన్నీ. కోర్టేం చేస్తుంది?"

"అయితే ఓంగ్యా దగ్గరికి పో."

థామ్ ముక్కు విరిచింది. ఓంగ్యా ఆ ఊరి దేవుడు. నల్లటి మొహం, గుడ్లురిమే కళ్లు, మెడలో బంగారు పతకాలు. ఎప్పుడో ఖాళీ పడవలో ఒంటరిగా కొట్టుకొచ్చాడని చెబుతారు. పడవలో కొట్టుకొచ్చిన దేవుణ్ణి నెత్తిన పెట్టుకుంటారు, విమానంలో వచ్చిన కోడల్ని మాత్రం చీపురుతో ఊడ్చేస్తారు అని థామ్ మనసులో అనుకునేది. దేవుడి మీద ఆమెకు కోపం కూడా లేదు. గాజుపెట్టెలో బొమ్మ మీద కోపమేమిటి?

"నేనెందుకు పోవాలి? ఆయనేమన్నా నాకు చుట్టమా?"

"మొద్దు మొహమా, మాట విను. మొన్నటిదాకా చావు మైల. ఇప్పుడు మీ పొయ్యికీ వంతుంది. పుట్టినరోజున వెళ్లి చెక్కలు వెయ్యి. నీ పేరు పడిందనుకో, ఏడాది దాకా ఆ ఇంటి మీద మేకు కూడా కొట్టలేరు. ఆ బోడి ఉపాధ్యక్షుడు కాదు కదా, వాడి తాత లేచొచ్చినా కొట్టలేడు."

ఆ పద్ధతి థామ్‌కి తెలియనిది కాదు. ఏటా దేవుడి పుట్టినరోజున, ఊళ్లో ఒక పొయ్యిని ఓంగ్యా తన కోసం ఎంచుకుంటాడు. ఆ ఇల్లు ఆ ఏటి ధూపపెద్ద. దేవుడి చిన్న విగ్రహాన్నీ ధూపపాత్రనీ ఆ ఇంటికి తీసుకెళ్లి ఏడాది పాటు ఉంచుకోవాలి, పొద్దునా సాయంత్రం ధూపం వెయ్యాలి. ఆ ఏడాదంతా ఆ ఇంటి గోడ కదపకూడదు, ఇల్లు చేతులు మారకూడదు. ఎంచుకోవడం ఎలాగంటే, నెలవంక ఆకారంలో రెండు చెక్కలుంటాయి, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. దేవుడి ముందు నేలమీద వెయ్యాలి. ఒకటి చదును పైకి, ఒకటి బోర్లా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ చదును పైకి పడితే నవ్వి ఊరుకున్నట్టు, అది సరే కింద లెక్క కాదు. వరసగా ఎవరికి ఎక్కువసార్లు సరే అని పడితే వాళ్ల పొయ్యికే ధూపపాత్ర.

తియెన్‌ఫుకి ఆ పాత్ర మీద ఉన్నంత ఆశ కట్టుకున్న పెళ్లాం మీద కూడా లేదు. పుట్టినరోజుకి వారం ముందు నుంచే మాంసం మానేసి, ఎవరు పలకరించినా కళ్లు మూసుకుని నమస్కారం పెట్టేవాడు. ఏటా వేసేవాడు. ఏటా రెండోసారి వేసేసరికే నవ్వో, కాదో పడేది. గుడి రంగులకి, పతకాలకి, పటాకులకి ఇంత తగలేసినా దేవుడు తన వైపు చూడకపోవడం ఆయనకి అర్థం కాదు. దేవుణ్ణి మాత్రం ఒక్క మాట అనడు. నమ్మకంలో ఎక్కడా తేడా లేదు, అంత వరకూ ఒప్పుకోవాలి.

పుట్టినరోజు రానే వచ్చింది. గుడి ముందు తెర కట్టి తోలుబొమ్మలాట పెట్టారు. నోట్లో పైనాపిల్ దోపుకున్న కాల్చిన పందులు బల్లల మీద పడుకున్నాయి. ప్లాస్టిక్ స్టూళ్ల మీద ఊరంతా కూర్చుని నూడుల్స్ జుర్రుకుంటోంది. లియావ్ కూడా వచ్చాడు, తెల్లకారులో, నిలువెత్తు పూలదండతో. మణికట్టుకి మూడు వరసల పూసలు. ప్రతి విగ్రహం ముందూ ఆగి మూడేసిసార్లు వంగుతున్నాడు. వ్యాపారస్తుల భక్తి చూస్తే థామ్‌కి నవ్వొస్తుంది. దేవుడు కూడా వాళ్లకి ఒక ఆఫీసరే.

చెక్కలు వేయించే పని ఆబోక్ తాతది. ఎనభై దాటిన మనిషి, వినపడదు, అందుకని మైకులో మరీ అరుస్తాడు. ఒక్కొక్క పొయ్యి పేరే పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు వచ్చి, ఏ ఇల్లో, ఎవరి పొయ్యో దేవుడికి విన్నవించి చెక్కలు వేస్తున్నారు. ఐస్ ఫ్యాక్టరీ చెన్‌కి వరసగా నాలుగు పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత తియెన్‌ఫు వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, గొంతు సవరించుకుని తన ఇల్లు, తన వంశం, తన పదవి అన్నీ ఏకరువు పెట్టి, చెక్కలు నుదుటికి ఆనించుకుని వేశాడు.

రెండూ చదునుగా పడ్డాయి. దేవుడు నవ్వాడు. దేవుడితో పాటు స్టూళ్ల మీద వెనక వరసలో కూడా కొందరు నవ్వారు.

"తూము పక్క ఇల్లు, వూ మింగ్‌లాయ్ పొయ్యి!" అని ఆబోక్ తాత అరిచాడు.

థామ్ లేచింది. కిమ్‌కీ పిన్ని వెనక నుంచి వీపు మీద తోసింది. పడకపోతే పది రోజుల్లో సామాను మూటలు కట్టాలి, పిల్లని ఆ మనిషింట్లో గిన్నెలు తోమడానికి వదలాలి, లేదా భాష రాని చోటికి ఈడ్చుకుపోవాలి. ఇంతా కలిసి రెండు చెక్కముక్కల చేతిలో ఉందంటే ఆమెకు ఏడుపూ అసహ్యమూ కలిసి వచ్చాయి. తాత చేతిలోని చెక్కల కోసం చెయ్యి చాచింది.

తియెన్‌ఫు మధ్యలోకి వచ్చి ఆ చెక్కలు లాక్కున్నాడు.

"నువ్వా? నువ్వు వేస్తావా?" అన్నాడు, ఊరంతా వినేలా. "ఇది మగవాళ్ల పని. పైగా ఓంగ్యాకి నీ భాష రాదమ్మా. మా ఇంటి దేవుడి ముందు పరాయి దేశం చెయ్యి పడనిస్తానా? ఆ ఇల్లు నాది. దానికి నేనే వేస్తాను."

"బావగారూ, అది నా పొయ్యి. నన్నే వెయ్యనివ్వండి." ఆమె ఆ మాట ఊరి భాషలోనే అంది, స్పష్టంగా. "మీ వంతు అయిపోయిందిగా."

"వూ వాళ్ల వంతులన్నీ నా వంతులే!"

నూడుల్స్ జుర్రుకునే చప్పుడు కాసేపు ఆగింది. అంతమందిలో ఒక్కడైనా లేచి ఇది తప్పు అనలేదు. థామ్ వాళ్లందరినీ ఒక్కసారి కలియజూసింది. వీళ్ల మధ్యా నేను ఇన్నేళ్లు బతికింది అనుకుంది. వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చోలేదు, అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడింది.

ఆబోక్ తాత మాత్రం మైకు పక్కకి జరిపి, అయినా అందరికీ వినపడేలా, "ఒరే తియెన్‌ఫూ, ఏ పొయ్యి పేరు చెప్పి వేస్తే ఆ పొయ్యికే పోతుంది పాత్ర. నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునేది లేదు. మళ్లీ నన్ననొద్దు" అన్నాడు.

"తెలుసు తాతా, తెలుసు. గుడి కమిటీలో ఉన్నది నేనా నువ్వా? రెండిళ్లున్నవాడికి రెండు వంతులు. అంతేగా?"

మోకాళ్ల మీద కూర్చుని, "తూము పక్క ఇల్లు, వూ మింగ్‌లాయ్ పొయ్యి, దేవరవారు చూసుకోవాలి" అని గబగబా అనేసి వేశాడు.

ఒకటి చదును, ఒకటి బోర్లా. సరే.

మళ్లీ వేశాడు. సరే. మూడోసారి కూడా సరే అని పడగానే తియెన్‌ఫు మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన చేతికి మూడు పడ్డాయి. నాలుగోది పడ్డప్పుడు జనం లేచి నిలబడ్డారు. ఐదోది పడ్డప్పుడు ఐస్ ఫ్యాక్టరీ చెన్ స్టూలు కాలితో తన్ని బయటికి పోయాడు. తియెన్‌ఫు చెమటలు కారుతూ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ, "చూశారా! చూశారా!" అని అరుస్తున్నాడు. ఏ ఇంటి పేరు చెప్పాడో ఆ పూట ఆయన బుర్రలో లేదు. తన చేతి మీదుగా దేవుడు సరే అంటున్నాడన్నదొక్కటే ఉంది. ఆరోదీ పడింది. ఏడోదానికి నవ్వు పడింది, అక్కడితో ఆగింది. మిగిలిన పొయ్యిలవాళ్లు వచ్చి వేశారు కానీ ఎవరికీ మూడు దాటలేదు.

ఆబోక్ తాత మైకు నోటికి ఆనించుకున్నాడు. "ఈ ఏటి ధూపపెద్ద, తూము పక్క ఇల్లు, మింగ్‌లాయ్ పొయ్యి!"

పటాకులు పేలాయి. పొగలోంచి తియెన్‌ఫు రెండు చేతులూ చాచుకుని ధూపపాత్ర కోసం నడిచాడు.

"నువ్వెక్కడికిరా?" అన్నాడు తాత.

"అదేంటి తాతా? ధూపపెద్దని నేనేగా."

"ఆ పొయ్యి వెలిగించేదెవరు?"

తియెన్‌ఫు పాత్ర కేసి ఇంకో అడుగు వేశాడు.

"థామే వెలిగిస్తోంది!" అని కిమ్‌కీ పిన్ని స్టూలెక్కి అరిచింది. "పొద్దున్నే పొగ మా ఇంట్లోకే వస్తుంది, చచ్చిపోతున్నా దాంతో! నన్నడగండి!"

ఈసారి నవ్వు ముందు వరసలో కూడా మొదలైంది. తియెన్‌ఫుకి అప్పుడు తెలిసింది తానేం చేశాడో. మొహం వక్క రంగు నుంచి సున్నం రంగుకి తిరిగింది. ఇల్లు తనదేనన్నాడు. కాగితం చూపిస్తానన్నాడు. కాగితాలు ఓంగ్యా చదవడన్నాడు తాత. అయితే పాత్రని నా ఇంటికి మార్చుకుంటానని దేవుణ్ణే అడుగుతానన్నాడు. అడగమన్నారు. మూడుసార్లు అడిగే హక్కు ఎవరికైనా ఉంది. మొదటిసారి రెండు చెక్కలూ బోర్లా పడ్డాయి. రెండోసారీ అంతే. మూడోసారి మళ్లీ ఆ నవ్వు. ఆ రెండు చదును ముక్కలకేసి ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. జాలిపడాల్సిన చూపే. థామ్‌కి పిసరంత కూడా కలగలేదు.

లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతులో ఎప్పుడూ లేని తేనె.

"థామ్, తల్లీ, నువ్వు వద్దని చెప్పెయ్యి. పరదేశిని, నాకు పద్ధతులు తెలియవు అని చెప్పు. ఎవరూ తప్పుపట్టరు. పాత్ర చెన్‌కి పోతుంది. పోనీ. ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఇంకో నెల టైమిస్తా. రెండు నెలలు తీసుకో."

"ఏమ్మా?" అని ఆబోక్ తాత అడిగాడు. "పొద్దునా సాయంత్రం ధూపం వెయ్యాలి. ఒకటో తారీకున, పౌర్ణమికి ఊరంతా నీ ఇంటికొస్తుంది, టీ ఇవ్వాలి. ఏడాదిపాటు ఊరు దాటి పోకూడదు. చూసుకుంటావా, లేదా?"

ఊరంతా నీ ఇంటికొస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కపూట లోపలికి రమ్మననివాళ్లకి, ఇందాక నోట్లో నూడుల్స్ పెట్టుకుని చోద్యం చూసినవాళ్లకి, నెలకి రెండుసార్లు టీ కాచి పొయ్యాలి. నల్లమొహం బొమ్మకి తెల్లారకముందే లేచి దండం పెట్టాలి. వద్దు, మీ దేవుణ్ణి మీరే నెత్తిన పెట్టుకోండి అని మొహం మీద చెప్పేసి పోతే ఎంత హాయిగా ఉంటుందో! మాట నాలుక చివరి దాకా వచ్చింది. జనంలో షిన్యీ కనపడింది. బడి స్నేహితురాళ్ల పక్కన నిలబడి, తల్లి ఏ మాట తప్పు పలుకుతుందోనని సిగ్గుతో ముందే పెదవి కొరుక్కుంటోంది.

"చూసుకుంటాను తాతా" అంది థామ్. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

తాత ధూపపాత్ర తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. ఇత్తడి, బూడిదతో నిండి బరువుగా, ఇంకా వెచ్చగా ఉంది.

లియావ్ అప్పటిదాకా పూలదండ పక్కనే నిలబడి అంతా చూస్తున్నాడు. ముందుకొచ్చి, పాత్రకి ఒకసారి, పాత్ర పట్టుకున్న ఆమెకు ఒకసారి వంగి నమస్కారం పెట్టాడు. పూసలు గలగలలాడాయి.

"తియెన్‌ఫు గారూ, మీ స్థలం నాకొద్దండీ" అన్నాడు.

"ఏడాదేగా లియావ్ గారూ! ఏడాది ఆగండి, ఇదే రోజుకి..."

"ఏడాది కాదు, పదేళ్లయినా ఒద్దు. ఆరుసార్లు చెప్పాడండీ దేవుడు. అదీ మీ చేత్తోనే చెప్పించాడు. ఓంగ్యా ఏరికోరి కూర్చున్న నేలని తవ్వి నేను కాఫీ అమ్ముకుంటే, నా పిల్లలేమవుతారు? ఇంకెవరూ కొనరు కూడా. మీరే కొనేవాళ్లయితే కొంటారా, చెప్పండి?"

తియెన్‌ఫు కూడా కొనడు. అది ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

తెల్లకారు వెళ్లిపోయింది. ఊరేగింపుకి డప్పులు మొదలయ్యాయి. థామ్ పాత్ర పట్టుకుని గుడి మెట్లు దిగుతుంటే, కింది మెట్టు మీద తియెన్‌ఫు అడ్డంగా నిలబడ్డాడు. టోపీ ఎక్కడో పోయింది. దగ్గరగా వచ్చి, పళ్ల బిగువున, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కటి నిజం చెప్పు. ఓంగ్యా మీద నీకు అసలు నమ్మకముందా?"

"లేదు బావగారూ" అంది థామ్, ఆయనకు మాత్రమే వినపడేలా. "మీకుందిగా. చాలు."

"ధూపపాత్ర వస్తోంది! దారివ్వండి, తలలు వంచండి!" అని ఆబోక్ తాత వెనక నుంచి మైకులో అరిచాడు. జనమంతా వంగారు. తియెన్‌ఫు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత మెట్టు మీద నుంచి పక్కకు తప్పుకుని, రెండు చేతులూ జోడించి, ఆమె పూర్తిగా దాటిపోయేదాకా నడుము వంచే ఉన్నాడు.